వ్యానులో వేణ్ణీళ్ళు

నాకు కూర్చోవడం చేతకాదు. పెళ్ళయిన కొత్తలోనే మా అత్తగారు నాకు 'కాలు కాలిన పిల్లి' అని పేరు పెట్టింది. ఆవిడ తిట్టుగానే పెట్టింది గానీ నేను బిరుదుగా పుచ్చుకున్నాను. కిటికీలు కడిగే పనికి అలాంటి పిల్లే కావాలి. రోజుకు పది ఇళ్ళు, మూడు దుకాణాలు, మధ్యలో ఒక బడి. కూర్చుంటే అయ్యే పనా అది?

పని నాదీ, మా తోడికోడలిదీ. మా మరిది భార్య. నలభై దాటినా ఇంట్లో అందరికీ అది ఇప్పటికీ 'చిన్న'యే. నేను ఎంత గంతులేస్తానో అది అంత నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. మా వ్యాను వెనక పెద్ద ట్యాంకు, అందులో ఆరాక గాజు మీద మరక మిగలని శుద్ధమైన నీళ్ళు, ఒక పంపు, చక్రానికి చుట్టిన పొడుగాటి హోస్. నేను ముందు నిలబడి పొడుగాటి బోలు కర్రతో పై అంతస్తు కిటికీల మీద బ్రష్ ఆడిస్తాను. నీళ్ళు ఆ కర్రలోంచే పైకి వెళ్ళి బ్రష్ దగ్గర చిమ్ముతాయి. చిన్న నా వెనక హోస్ పట్టుకుని వస్తుంది. గేటుకు తట్టుకోకుండా, కారు చక్రం కింద ఇరుక్కోకుండా, ఎవరి పూలకుండీలూ దొర్లకుండా హోస్ వదలాలి. ఇల్లు అయ్యాక మళ్ళీ చుట్టాలి. పదకొండేళ్ళుగా ఇదే వరస.

కొత్తవాళ్ళెవరైనా "మీరిద్దరూ అక్కాచెల్లెళ్ళా?" అని అడిగితే నా జవాబు నోట్లో సిద్ధంగా ఉంటుంది. "తోడికోడళ్ళమండీ. నేను వేణ్ణీళ్ళు, ఇది చన్నీళ్ళు. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు!" అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వుతాను. చిన్న కూడా నవ్వుతుందనే అనుకున్నాను.

ఆ గురువారం చలి ఎముకలు కొరుకుతోంది. బేకరీ వెనక గోడ దగ్గర హోస్ ముడి పడింది. నేను పైన బ్రష్ పెట్టుకుని నిలబడ్డాను, నీళ్ళు రావడం లేదు. "ఏమే, నిద్రపోయావా?" అని అరిచాను. తిరిగి చూస్తే చిన్న హోస్ నేల మీద వదిలేసి, గ్లౌజులు పళ్ళతో లాగి తీసుకుంటోంది. దాని వేళ్ళు చూశాను. రెండో కణుపు దాకా తెల్లగా మైనం ముక్కల్లా ఉన్నాయి. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

"ఎన్నాళ్ళ నుంచే ఇలా?" అన్నాను.

"మూడు చలికాలాలు. ఈ ఏడు మరీ ఎక్కువైంది." వేళ్ళు చంకల్లో దోపుకుని గోడకి ఆనుకుంది. "అక్కా, లాండ్రీలో నన్ను రమ్మంటున్నారు. ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చెయ్యాలి. లోపల వెచ్చగా ఉంటుంది. సోమవారం సాయంత్రం ఫోన్ చేస్తారు. వస్తానో రానో అప్పుడు చెప్పాలి."

"ఇస్త్రీ దగ్గర చేతులు కాల్చుకుంటావే!"

"కాలితే తెలుస్తుంది కదక్కా. ఇప్పుడు ఏమీ తెలియడం లేదు."

ఉన్నమాట చెప్తాను. చిన్న రాకముందు నా దగ్గర ముగ్గురు పని చేశారు. ముగ్గురూ వారం తిరక్కుండా పారిపోయారు. ఒకావిడైతే నా వ్యాను వీధి మలుపులో కనబడితే పక్క సందులోకి తిరిగేది. నా నోరు అలాంటిది. దాన్ని పదకొండేళ్ళు భరించిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది, అదే నన్ను వదిలి దుప్పట్ల దగ్గరికి పోతానంటోంది. హోస్ లాగడానికి ఇంకో మనిషిని వెతుక్కోవచ్చు. పొద్దున ఏడింటికి వ్యాను తలుపు తీసి "పదక్కా" అనే మనిషిని ఎక్కడ వెతుక్కోను?

ఆ రాత్రి ఎన్నిసార్లు పక్క మీద దొర్లానో లెక్కలేదు. తెల్లారేసరికి నా బుర్రకి తట్టింది. వ్యానులో హీటర్ పెట్టిస్తే? హోస్‌లో వేణ్ణీళ్ళు పారితే హోసే వెచ్చగా ఉంటుంది, దాని వేళ్ళూ వెచ్చగా ఉంటాయి, లాండ్రీ వాళ్ళు వాళ్ళ దుప్పట్లు వాళ్ళే ఇస్త్రీ చేసుకుంటారు. సోమవారం లోపల అయిపోవాలి, అంతే. మా ఆయనా మరిదీ లారీ మీద వెళ్ళి నాలుగు రోజులైంది, అడ్డు చెప్పేవాళ్ళు కూడా లేరు.

మా వీధి చివర వెల్డింగ్ షాపు ఉంది. దాని యజమాని చెయ్యి మంచిది, నెమ్మదితనమే పెద్ద లోపం. ఊరంతా ఆయన్ని నత్త అంటారు, ఆయనా పలుకుతాడు. టిఫిన్ బండి ఒకటి తుక్కు కింద కొన్నప్పుడు అందులోంచి విప్పిన డీజిల్ హీటర్ ఆయన దగ్గర పడి ఉందని నాకు తెలుసు. శుక్రవారం పని కాగానే వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"రేపు బిగించాలి," అన్నాను.

"చూద్దాం," అన్నాడు.

"చూడ్డం కాదు. రేపు."

"నిదానమే ప్రధానం అన్నారమ్మా పెద్దలు."

"ఆలస్యం అమృతం విషం అని కూడా ఆ పెద్దలే అన్నారు. పొద్దున్నే వస్తాను."

శనివారం పొద్దున వ్యాను తీసుకెళ్ళి ఆయన షాపు ముందు పెట్టాను. చిన్నకి చెప్పలేదు. సోమవారం పొద్దున అది హోస్ పట్టుకుని "అక్కా, వెచ్చగా ఉందేమిటి!" అంటే దాని ముఖం చూడాలని నా ఆశ.

నత్త ముందు వ్యాను లోపలంతా ఒకసారి చూశాడు. తర్వాత బయటికొచ్చి చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత టీ తాగాడు. నేను షాపులో ఆ మూల నుంచి ఈ మూలకి నడుస్తూనే ఉన్నాను. హీటర్ పొగ బయటికి పోవడానికి వ్యాను నేలకి ఒక రంధ్రం వెయ్యాలి. నేను డ్రిల్లు అందించాను. ఆయన తీసుకోకుండా కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. "కింద బ్రేకు గొట్టం పోతోంది. తొందరపడి ఇక్కడ పొడిచి ఉంటే రేపు సరాసరి ఎవరింట్లోకో వెళ్ళి ఆగేదానివి," అన్నాడు. జానెడు పక్కకి జరిపి సుద్దముక్కతో గీత గీశాడు. అప్పుడు గానీ డ్రిల్లు ముట్టలేదు.

మధ్యాహ్నానికి హీటర్ని ట్యాంకు పక్కన బిగించాడు. పొగ గొట్టం కిందికి దించాడు, డీజిల్ పైపు వేశాడు, లోపల విషపు గాలి చేరితే కూత పెట్టే చిన్న పెట్టె ఒకటి గోడకి తగిలించాడు. ఇక మిగిలింది నీళ్ళ పైపులు. అక్కడ చేతిలోని ఇత్తడి ముక్కని వెలుగులోకి తిప్పి చూసి పక్కన పెట్టేశాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఈ ముక్క మర పగిలింది. కొత్తది మంగళవారం వస్తుంది."

"మంగళవారమా! అసలేమిటది? అది లేకపోతే నడవదా?"

ఆయన చేతులు తుడుచుకుని, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "ఈ హీటర్లో నీళ్ళు మరిగినంత పని అవుతుందమ్మా. వాటిని అలాగే చల్లటి గాజు మీదికి కొడితే గాజు ఊరుకోదు. పక్కనుంచి చన్నీళ్ళు వచ్చి కలవాలి. కలిపేది ఈ ముక్క. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు అంటారే, అదీ సంగతి."

"ఆ సామెత నాకే చెప్తున్నావా? పదకొండేళ్ళుగా ఊరంతా పంచుతున్నది నేనే!"

"పంచావు సరే. మంగళవారం దాకా అగ్గి వెలిగించకు," అని పైపు చివర బిరడా బిగించి నిదానంగా వెళ్ళిపోయాడు.

మంగళవారం నాకెందుకు? ఫోన్ వచ్చేది సోమవారం. ఆదివారం పొద్దున లేవగానే వ్యాను దగ్గరికి వెళ్ళాను. ముందు కేవలం చూద్దామనుకున్నాను. తర్వాత కేవలం బిరడా విప్పి చూద్దామనుకున్నాను. ఇంట్లో పాత పైపు ముక్క ఉంటే తెచ్చి, కలిపే ముక్క ఉండాల్సిన చోట హీటర్ నుంచి సరాసరి హోస్‌కి తగిలించాను. చన్నీళ్ళెందుకు మళ్ళీ? పదకొండేళ్ళు చన్నీళ్ళతోనే చచ్చాం కదా! అదీ నా తర్కం. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు.

మేమూ, మరిది వాళ్ళూ ఒకే ఇంట్లో ఉంటాం. ముందు వాటా మాది, వెనక వాటా వాళ్ళది. వ్యాను వెనక్కి తీసుకెళ్ళి చిన్న వంటింటి కిటికీ ఎదురుగా ఆపాను. కిటికీ గాజు నిండా తెల్లగా మంచు పేరుకుని ఉంది. హీటర్ వెలిగించాను. చిన్నగా గురగుర మొదలై, తర్వాత హోరుమంది. హోస్ నా చేతిలో నెమ్మదిగా వెచ్చబడింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఎవరి కోసం ఏం చేసినా అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

కర్ర ఎత్తి, బ్రష్ కిటికీ మీద పెట్టి, నీళ్ళు వదిలాను.

ఆవిరి గుప్పుమంది. మంచు కరిగి జారింది. లోపల చిన్న కనబడింది, చేతిలో టీ కప్పు, నా వైపే చూస్తోంది. నేను చెయ్యి ఊపాను. అప్పుడు టప్పుమని చప్పుడైంది. గాజు ఈ మూల నుంచి ఆ మూలకి చీలింది. చూస్తుండగానే పైముక్క జారి గిన్నెలు కడిగే తొట్టిలో పడి భళ్ళుమంది.

పంపు ఆపాను.

చిన్న కప్పు పక్కన పెట్టింది. అరవలేదు. "దగ్గరికి రాకు, కింద గాజుముక్కలున్నాయి," అంది. చీపురు తెచ్చి ఊడ్చింది. ఊడ్చడం అయ్యాక పగిలిన కిటికీలోంచి వ్యాను వైపు చూసింది. హీటర్ ఇంకా హోరుమంటోంది.

"ఏమిటది?" అంది.

"హీటర్. నత్త దగ్గర కొని, వ్యాను నేలకి చిల్లు పొడిపించి పెట్టించాను. నీ చేతుల కోసమే. సర్‌ప్రైజ్ చేద్దామని..." నా గొంతు నాకే చీదరగా వినబడింది. "హోస్ వెచ్చగా ఉంటుంది. ఇదిగో, పట్టుకుని చూడు. ఇక లాండ్రీకి ఎందుకు?"

అది హోస్ ముట్టుకోలేదు. చీపురుతోనే కిటికీ దగ్గర నిలబడింది.

"అక్కా," అంది. "హీటర్ కొన్నావు. వ్యానుకి చిల్లు పొడిపించావు. నా కిటికీ పగలగొట్టావు. ఇన్ని చేశావు గానీ, కర్ర నా చేతికిచ్చి హోస్ నువ్వు పట్టుకుంటానని ఒక్కసారైనా అన్నావా?"

నాకు అర్థం కాలేదు. అంటే, మాటలు అర్థమయ్యాయి. కానీ ఆ ఆలోచన నా తలలోకి పదకొండేళ్ళలో ఒక్కసారీ రాలేదన్న సంగతి మింగుడు పడలేదు. కర్ర పట్టుకున్న మనిషి చేతులు పొడిగానే ఉంటాయి. ఎప్పుడైనా పైనుంచి రెండు చుక్కలు పడితే పడతాయి. తడి అంతా హోస్‌ది. నేల మీద బురద, మంచు, నీళ్ళు అన్నీ పీల్చుకుని అది హోస్ పట్టినవాళ్ళ చేతుల్లోకే వస్తుంది. ఈ ఊళ్ళో ప్రతి కిటికీ నాకు తెలుసు, ఈ సంగతి నాకు తెలియదు!

"నువ్వు అడగలేదు కదే," అన్నాను.

"అడిగాను. రెండో ఏడాది. డాక్టరమ్మ గారింటి ముందు. 'నీ చేత్తో అయితే పొద్దుగూకుతుంది' అన్నావు." దాని గొంతు మొదటిసారి పైకి లేచింది. "పైగా ప్రతి గుమ్మం ముందూ నన్ను చన్నీళ్ళంటావు. వేణ్ణీళ్ళేమో నువ్వు! నేనేమో తోడు పోసుకోవడానికి చెంబులో నీళ్ళు. నవ్వి నవ్వి నా దవడలు నొప్పెట్టాయక్కా."

తల తీసి మొలేసినట్టయింది నాకు. ఇంకెవరైనా అయితే ఒంటికాలి మీద లేచేదాన్ని. ఆ పగిలిన కిటికీలోంచి దాని వేళ్ళు కనబడుతున్నాయి, చీపురు పట్టుకుని ఉన్నాయి, అప్పుడే కొసలు తెల్లబడుతున్నాయి. ఏడుపొచ్చింది. ఏడవలేదు గానీ వచ్చింది. వ్యానులోకి ఎక్కి హీటర్ ఆర్పేశాను. మా ఇంట్లోంచి దళసరి అట్ట తెచ్చి కిటికీకి అడ్డం పెట్టి, చుట్టూ టేపు వేశాను. అది లోపలి నుంచి ఒక చెయ్యి వేసి అట్ట పట్టుకుంది.

సోమవారం అది రాదనుకున్నాను. ఏడు కాకముందే వ్యాను చుట్టూ ఎన్ని ప్రదక్షిణాలు చేశానో. సరిగ్గా ఏడింటికి వచ్చింది. "పదక్కా" అనలేదు. సాయంత్రం లాండ్రీ ఫోన్ ఉంది, ఈ ఒక్కరోజు ఆఖరు కాబోలు అనుకున్నాను. అడిగే ధైర్యం లేదు. మొదటి ఇంటి ముందు ఆగగానే కర్ర తీసి దాని చేతిలో పెట్టాను. హోస్ నేను పట్టుకున్నాను.

"హీటర్ వెయ్యనా? చన్నీళ్ళు కలిపే ముక్క రేపు గానీ రాదన్నాడు నత్త," అన్నాను.

"తోడు లేకుండా వద్దు. ఆ ముక్క వచ్చాక చూద్దాం," అంది.

చిన్న నిదానంగా కడుగుతుంది. బ్రష్ మూలల్లోకి పంపుతుంది. చట్రం పై అంచు తుడుస్తుంది. నేను పదకొండేళ్ళలో ఆ పై అంచు ఎన్నిసార్లు ముట్టుకున్నానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "తొందరగా కానివ్వవే" అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది, మింగాను. ఈలోగా హోస్ గేటుకి తట్టుకుంది. విప్పాను. కారు చక్రం కింద ఇరుక్కుంది. వంగి లాగాను. రెండో ఇంట్లో ఒక పూలకుండీ దొర్లింది.

"అక్కా, హోస్!" అంది చిన్న, వెనక్కి తిరగకుండానే.

మూడో ఇంటికి నా గ్లౌజులు తడిసిపోయాయి. తడిసిన గ్లౌజు వట్టి చేతి కంటే అధ్వాన్నం అని ఆ రోజే తెలిసింది. అయిదో ఇంటికి వేళ్ళ కొసలు సూదులతో గుచ్చినట్టున్నాయి. ఏడో ఇంటికి ఆ గుచ్చడం కూడా పోయింది. అదే భయం వేసింది నాకు. 'కాలితే తెలుస్తుంది కదక్కా' అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఒక్కరోజుకి నాకిలా ఉంటే దానికి పదకొండు చలికాలాలు! పాపం అని ఎవర్ని అనను? దాన్ని అనడానికి నాకు నోరు రాలేదు.

డాక్టరమ్మ గారు తలుపు తీసి మమ్మల్ని చూసి నవ్వారు. "ఏమిటివాళ తారుమారు? ఎవరు వేణ్ణీళ్ళు, ఎవరు చన్నీళ్ళు?" అన్నారు.

చిన్న నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. "ఆ మాట ఇక అననండీ," అన్నాను. డాక్టరమ్మ గారికి ఏమీ అర్థం కాక లోపలికి వెళ్ళిపోయారు. చిన్న మళ్ళీ బ్రష్ ఎత్తింది.

పని అయ్యేసరికి నిజంగానే పొద్దుగూకింది. ఆఖరి ఇంటి ముందు హోస్ మొత్తం చుట్టి, వ్యాను తలుపు వేసి, తాళం చెవి కోసం జేబులో చెయ్యి పెట్టాను. చెవి చేతికి తగిలింది గానీ పట్టు దొరకలేదు. తీస్తే జారి కింద పడింది. వంగి తీస్తే మళ్ళీ పడింది. వేళ్ళు నావి కానట్టున్నాయి. చిన్న వచ్చి చెవి తీసుకుంది. నా గ్లౌజులు లాగి పారేసి, నా రెండు చేతులూ తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. దాని చేతులు వెచ్చగా ఉన్నాయి. పొద్దుటి నుంచి పొడిగా ఉన్న చేతులు కదా.

"చూశావా," అంది. అంతే అంది.

"చూశాను," అన్నాను. ఇంకేమీ తోచక, "తప్పయిందే," అని కూడా అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం ఎవరూ విని ఉండరు, మా ఆయనతో సహా.

అది తాళం చెవి తీసుకుని వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. నేను మొదటిసారి పక్క సీట్లో కూర్చున్నాను. చెయ్యడానికి చేతుల్లేవు కాబట్టి ఏమీ చెయ్యకుండా కూర్చున్నాను. అప్పుడే దాని ఫోన్ మోగింది. లాండ్రీ నంబరు. వద్దనాలని ఉంది, బతిమాలాలని ఉంది. ఏ హక్కుతో అంటాను? చేతులు తొడల కింద పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాను.

"హలో... ఆ, నేనేనండీ," అంది చిన్న. అవతల ఏదో అడిగారు. అది తల తిప్పి నన్ను ఎగాదిగా చూసింది.

"లేదండీ, ఇప్పుడు కుదరదు. ఇక్కడ హోస్ పట్టుకోవడానికి కొత్తమనిషి చేరింది. పని నేర్పాలి."

ఫోన్ పెట్టేసి వ్యాను స్టార్ట్ చేసింది. ఇంటి దాకా నెమ్మదిగా నడిపింది, నత్త కంటే నెమ్మదిగా. నేను ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.